ఆ నీలం ముసలాయనకు కనిపించదు

స్పెయిన్ చిత్రకారుడు పికాసో వేసిన 'ది ఓల్డ్ గిటారిస్ట్' (గిటారు పట్టుకుని కూర్చున్న ఒక ముసలాయన బొమ్మ) గురించి మాట రాగానే అందరూ నీలం రంగు దగ్గరే ఆగిపోతారు. దానికి కారణం ఉంది. 1901 ఫిబ్రవరిలో ఆయన ప్రాణమిత్రుడు కాసాజెమాస్ పారిస్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ తర్వాత కొన్నేళ్లు పికాసో బొమ్మలను నీలమే కమ్మేసింది. 1903 చివర, 1904 మొదట్లో బార్సిలోనాలో వేసిన ఈ బొమ్మా అందులోదే. నీలం అంటే దుఃఖం, ఇంక చెప్పేదేముంది అనుకుంటారు. నాకది చాలదు. చర్చి చిత్రాల్లో మరియమాత వస్త్రమూ నీలమే, అక్కడ మనకు దిగులు కలగదు.

ఇక్కడి దిగులంతా ఆ ముసలాయన కూర్చున్న తీరులో ఉంది. కాళ్లు మడిచాడు. మెడ విరిగిందేమో అన్నంతగా తల పక్కకు వాలిపోయింది. చిరిగిన బట్టలోంచి భుజం ఎముక పొడుచుకొచ్చింది. లేచి నిలబడటానికి ఫ్రేమ్‌లో చోటే లేదు. ఈ సాగదీసిన ఒళ్లు పాతకాలపు చిత్రకారుడు ఎల్ గ్రెకో నుంచి వచ్చిందని విమర్శకులు చెబుతారు, నిజమే. కానీ ఎల్ గ్రెకో సాధువులు పైకి, ఆకాశంలోకి సాగుతారు. ఈయన తనలోకే ముడుచుకుపోతాడు.

ఇక గిటారు. బొమ్మ మొత్తంలో గోధుమ రంగు ఉన్నది దానికే. అందుకే దాన్ని ఆశకు గుర్తు అంటారు. ఆ మాట కొంచెం తొందరపాటు అనిపిస్తుంది నాకు. ఆయన అంధుడు. చుట్టూ ఉన్న నీలాన్ని చూస్తున్నది మనం, ఆయన కాదు. ఆయన ప్రపంచంలో ఉన్నవి చేతికి తగిలేవి, చెవికి వినిపించేవే. ఆ చేతుల్లో ఉన్న వస్తువు ఒక్కటే దాని సొంత రంగులో ఉంది. పొట్ట, ఛాతీ ఉండాల్సిన చోటును కూడా అదే ఆక్రమించింది. అది ఓదార్పో కాదో చెప్పలేం. బతుకుతెరువు మాత్రం అదే.

ఈ బొమ్మ 1926 నుంచి చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. ఎక్స్‌రే, ఇన్‌ఫ్రారెడ్ పరీక్షల్లో రంగుల అడుగున ఒక యువతి, పసిబిడ్డ, ఒక పశువు బయటపడ్డాయి. ఆయన మెడ దగ్గర ఆమె ముఖం మామూలు కంటికి కూడా లీలగా తెలుస్తుంది. ఆమె ఆయన పాత జ్ఞాపకమని కథలల్లేవాళ్లున్నారు. వినడానికి బాగుంటుంది, కానీ పికాసో అప్పట్లో డబ్బుకు కటకటలాడుతూ పాత బొమ్మల మీదే కొత్తవి వేసేవాడు. బొమ్మ వేయడానికి కొత్త చెక్క పలక కొనడం కూడా భారమైన 22 ఏళ్ల కుర్రాడు, తిండికి లేని ముసలాయనను గీశాడు. నాకైతే ఆ దాగిన ముఖంలో ప్రతీక కన్నా ఈ పేదరికమే ఎక్కువ కనిపిస్తుంది.