బొమ్మలున్నంత మాత్రాన అది చదవడం కాకుండా పోదు

గత రెండు వారాల్లో ఒకే మెసేజ్ నాకు మూడు చోట్ల నుంచి వచ్చింది. ఇక్కడ డాలస్‌లో మా తెలుగు అమ్మల వాట్సాప్ గ్రూపులో ఒకరు పెట్టారు, పిల్లల తెలుగు బడి గ్రూపులో ఇంకొకరు పెట్టారు, చివరికి విజయవాడ నుంచి మా వదిన కూడా "నీ కూతురు చదివేవి ఇవే కదా, చూడు" అంటూ పంపింది. ఎవరు రాశారో పేరు లేదు. అందులో ఉన్నది ఇది: గ్రాఫిక్ నవలలు (గడులు గడులుగా బొమ్మలు వేసి కథ చెప్పే పుస్తకాలు) చదవడం అసలు చదవడమే కాదు, వాటివల్ల పిల్లల రీడింగ్ లెవెల్ పడిపోతుంది, గంటలో అయిపోయే పుస్తకంలో సరుకేమీ ఉండదు, మన తరం ఈ బొమ్మల పుస్తకాలు కాకుండా మంచి సాహిత్యం చదివి పెరిగింది, టీనేజ్ పిల్లల కోసం రాసే యంగ్ అడల్ట్ నవలలంటే ప్రేమలు, రక్తపిశాచాలు, కాకపోతే ఆత్మహత్యలు, అత్యాచారాలు, అవి పిల్లల్ని చెడగొడతాయి, వీటిని చదివి రివ్యూలు రాసే పెద్దవాళ్లు సిగ్గుపడాలని అమెరికా పత్రికలే అన్నాయి.

ఇంత పొడవు మెసేజ్‌లో ఒక్క పుస్తకం పేరు కూడా లేదు. నాకు అన్నిటికంటే బాధనిపించింది అదే. మా అమ్మాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు తనతో పాటు ఈ పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను, ఇప్పుడు తను ఎనిమిదికి వచ్చింది, ఈ ఐదేళ్లలో చదివినవాటిలో చాలావాటి మీద రాశాను కూడా. అందుకని ఒక్కో మాటకూ పుస్తకాల పేర్లు పెట్టి జవాబు చెబుతాను.

ముందు ఆ "లెవెల్ పడిపోతుంది" సంగతి. ఇక్కడ మనవాళ్లు లెవెల్ అన్నప్పుడు చాలాసార్లు స్కూలు నుంచి వచ్చే లెక్సైల్ అంకెనే మనసులో పెట్టుకుంటారు. అది ఎలా వస్తుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. వాక్యాలు ఎంత పొడవున్నాయి, వాడిన పదాలు మామూలుగా ఎంత తరచుగా కనిపిస్తాయి, ముఖ్యంగా ఈ రెండిటినీ చూసి కట్టే లెక్క అది. కథలో ఏముంది, ఎంత లోతుంది, ఏ వయసుకు తగింది అన్నవి ఆ లెక్కలోకి రావు. అందుకే ఆ కొలతలో జాన్ స్టైన్‌బెక్ పెద్దవాళ్ల కోసం రాసిన నవల 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్'కి 680 వచ్చింది, పిల్లల సరదా బొమ్మల పుస్తకం 'డైరీ ఆఫ్ ఎ వింపీ కిడ్'కి 950 వచ్చింది. ఆ అంకె ఒక్కటే నమ్ముకుంటే స్టైన్‌బెక్ కంటే వింపీ కిడ్ పెద్ద చదువు అనుకోవాల్సి వస్తుంది, అలా ఎవరూ అనుకోరు కదా.

పదాల విషయానికొస్తే, డొనాల్డ్ హేస్, మార్గరెట్ ఆరెన్స్ అనే పరిశోధకులు 1988లో ఒక లెక్క ఇచ్చారు. వెయ్యి పదాల్లో అరుదైనవి ఎన్ని వస్తాయి అని రకరకాల రాతల్లోనూ మాటల్లోనూ చూశారు. పిల్లల పుస్తకాల్లో 30.9, పెద్దల పుస్తకాల్లో 52.7, కామిక్ పుస్తకాల్లో 53.5. కాలేజీ చదువులు చదివిన పెద్దవాళ్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు 17.3. అవి అప్పటి కామిక్స్, ఇప్పుడొచ్చే ప్రతి గ్రాఫిక్ నవలకీ ఆ అంకె అతికించను. కానీ బొమ్మ పక్కనున్న మాట తేలిక మాటే అయి ఉంటుందన్న నమ్మకం తప్పని తేల్చడానికి అది చాలు. ఇంకొకటి, అక్షరాల పేజీ చూస్తేనే భయపడే పిల్లలుంటారు. 'డాగ్ మ్యాన్' అనే పిల్లల కామిక్స్ గీసిన డేవ్ పిల్కీ చిన్నప్పుడు చదవడం కష్టమయ్యే డిస్లెక్సియాతో, దృష్టి నిలవని ఏడీహెచ్‌డీతో స్కూల్లో నానా అవస్థలు పడ్డవాడే. అలాంటి పిల్లాడి చేతిలోంచి తను ఇష్టంగా తెరిచిన ఒకే ఒక్క పుస్తకాన్ని లెవెల్ పేరు చెప్పి లాగేసుకోకండి, దయచేసి.

రెండోది, గంటలో అయిపోతుందన్న మాట. పేజీలు తిప్పడం గంటలో అవుతుంది, నిజమే. ఆర్ట్ స్పీగెల్‌మన్ 'మౌస్' మొదటి సంపుటం మా అమ్మాయి ఒక ఆదివారం భోజనమయ్యాక పట్టుకుని టీ వేళకి ముగించింది. పోలండ్ యూదుడైన తన తండ్రి వ్లాదెక్ నాజీల చేతుల్లోంచి ఎలా బతికి బయటపడ్డాడో తండ్రి నోటే విని గీసిన కథ అది, యూదులు ఎలుకలు, నాజీలు పిల్లులు. 'రా' అనే పత్రికలో 1980 నుంచి 1991 దాకా విడతలు విడతలుగా వచ్చింది. మర్నాడు సాయంత్రం అదే పుస్తకం మళ్లీ తెరిచి "అమ్మా, ఈ దారి చూశావా?" అంది. వ్లాదెక్, అతని భార్య ఆన్యా తలదాచుకునే చోటు లేక నడిచిపోతున్న బొమ్మ. అక్కడున్న మాటలు చాలా మామూలువి, ఎటు పోవాలో తెలియక నడిచామనే అర్థం. కానీ వాళ్ల ముందున్న దారులు నాలుగూ కలిసి నాజీ స్వస్తిక్ గుర్తు ఆకారంలో ఉన్నాయి. ఆ సంగతి మాటల్లో ఎక్కడా లేదు, బొమ్మలోనే ఉంది. నేను అప్పటికి ఆ పుస్తకం రెండుసార్లు చదివాను, రివ్యూ కూడా రాశాను, అయినా ఆ దారి నా కంట పడలేదు. ఆ బొమ్మ దగ్గర మేమిద్దరం ఎంతసేపు కూర్చున్నామో! ఏ దారిన వెళ్లినా వాళ్లకు తప్పించుకునే చోటు లేదని నా కూతురు నాకు చెప్పింది. దీన్ని చదవడం అనకపోతే ఏమనాలి?

గడికీ గడికీ మధ్య ఖాళీ ఉంటుంది చూడండి, పిల్లల బుర్ర పనిచేసేది అక్కడే. ఈ గడిలో చెయ్యి ఎత్తాడు, పక్క గడిలో తలుపు మూసి ఉంది, మధ్యలో ఏం జరిగిందో పాఠకుడే కట్టుకోవాలి. జీన్ లుయెన్ యాంగ్ 'అమెరికన్ బోర్న్ చైనీస్' (2006) మూడు వేర్వేరు కథలుగా మొదలవుతుంది, వానరరాజు కథ ఒకటి, జిన్ అనే చైనా మూలాలున్న అమెరికా అబ్బాయి కథ ఒకటి, డానీ అనే తెల్ల అబ్బాయి కథ ఒకటి. చివరికి ఆ మూడూ ఒకటే అని తెలిసినప్పుడు పిల్లలు చేసే మొదటి పని వెనక్కి వెళ్లి మళ్లీ చదవడం. మంచి టీనేజ్ పుస్తకాలకు అమెరికాలో ఇచ్చే ప్రింట్జ్ అవార్డు 2007లో దానికి వచ్చింది, ఆ అవార్డు అందుకున్న మొదటి గ్రాఫిక్ నవల అదే. అందులో కొత్త స్కూల్లో టీచరు జిన్ పేరు తప్పు పలికి, వీళ్లు చైనా నుంచి వచ్చారు అని క్లాసుకు పరిచయం చేస్తుంది, అతను వచ్చింది శాన్ ఫ్రాన్సిస్కో నుంచి. ఇక్కడ పుట్టి, ఏటా ఆగస్టులో కొత్త టీచరుకు తన పేరు నేర్పాల్సి వచ్చే మన తెలుగు పిల్లలు ఆ పేజీ ఎలా చదువుతారో ఒకసారి పక్కన కూర్చుని చూడండి.

"మన తరం బొమ్మల పుస్తకాలు చదవలేదు" అన్న వాక్యం దగ్గర మాత్రం నాకు నిజంగా ఆశ్చర్యమేసింది. మరి చందమామ ఎవరు చదివారు? 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో బొమ్మ లేని కథ మీకు గుర్తుందా? వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు, చిత్రా గారు సీరియళ్లకు వేసిన బొమ్మలు, భుజాన శవంతో కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుణ్ణి వేసిన శంకర్ గారు, ఇవన్నీ తీసేస్తే మన జ్ఞాపకాల్లో చందమామ ఎంత మిగులుతుంది? డుంబు అనే కామిక్స్ గీసిన బుజ్జాయి గారు దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయే. భావకవి ఇంట్లో పుట్టినవాడు కామిక్స్ గీశాడు, అందువల్ల తెలుగు సాహిత్యానికి వచ్చిన నష్టమేమీ లేదు. ఇంకా వెనక్కి వెళ్తే తెలంగాణలో చేర్యాల నకాషి పటాలున్నాయి. పొడవాటి గుడ్డ మీద గడులు గడులుగా బొమ్మలు వేసి, కథ చెప్పేవాళ్లు ఒక్కో గడీ చూపిస్తూ కులపురాణాలు పాడేవాళ్లు. గడుల్లో కథ చదవడం అమెరికా నుంచి మనకు అంటిన అలవాటు కాదు.

ఇక చీకటి విషయాలు. తల్లిదండ్రుల్ని నిజంగా భయపెట్టేది ఇదే, ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. ముందు ఒక సవరణ, గ్రాఫిక్ నవల అంటే వయసు కాదు, రూపం. ఏడేళ్ల పిల్లల పుస్తకం, పదహారేళ్ల వాళ్ల పుస్తకం, పెద్దవాళ్ల పుస్తకం కొన్ని లైబ్రరీల్లో ఒకే అరలో పక్కపక్కన ఉంటాయి. బొమ్మలున్నాయి కదా అని రెండో తరగతి పిల్లవాడు 'మౌస్' తెచ్చుకుంటే అది పుస్తకం తప్పు కాదు, కానీ పెద్దవాళ్లు చూసుకోవాల్సిన విషయమే. అక్కడిదాకా ఆ మెసేజ్‌తో నాకు పేచీ లేదు.

కానీ యంగ్ అడల్ట్ అంటే ప్రేమలూ రక్తపిశాచాలే అన్నది ఒక్క అరను చూసి లైబ్రరీ మొత్తాన్ని చూశామనుకోవడం. ఎస్.ఇ. హింటన్ 'ది అవుట్‌సైడర్స్' రాయడం మొదలుపెట్టినప్పుడు ఆమే హైస్కూలు పిల్ల, అది 1967లో అచ్చయింది, పేద పేటల మగపిల్లల ముఠాల కథ. అమెరికాలో నల్లజాతివాళ్ల పౌరహక్కుల ఉద్యమంలో దెబ్బలు తిన్న జాన్ లూయిస్ తన అనుభవాలను రచయిత ఆండ్రూ ఐడిన్, చిత్రకారుడు నేట్ పావెల్‌తో కలిసి 'మార్చ్' అనే మూడు సంపుటాల గ్రాఫిక్ పుస్తకంగా తెచ్చాడు, మూడో సంపుటానికి 2016లో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. వీటిలో రక్తపిశాచాలెక్కడున్నాయి?

లోరీ హాల్స్ ఆండర్సన్ 'స్పీక్' (1999) సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే ఆ మెసేజ్ రాసినవాళ్లు భయపడేది సరిగ్గా ఇలాంటి పుస్తకానికే. మెలిండా అనే తొమ్మిదో తరగతి అమ్మాయి. వేసవిలో ఒక పార్టీలో ఆమెపై అత్యాచారం జరుగుతుంది, ఆమె పోలీసులకు ఫోన్ చేస్తుంది, పార్టీ చెడగొట్టిందని స్కూలంతా ఆమెను వెలేస్తుంది. ఎందుకు ఫోన్ చేసిందో ఎవరూ అడగరు, ఆమె క్రమంగా మాట్లాడటమే మానేస్తుంది. పుస్తకమంతా ఆ మౌనమే. ఇంట్లో అమ్మానాన్నలకు మార్కులు తగ్గడం కనిపిస్తుంది, పిల్ల మాట్లాడకపోవడం కనిపించదు. నేను చదువుతూ మధ్యలో రెండుసార్లు పుస్తకం మూసేసి మా అమ్మాయి గదిలోకి వెళ్లి ఊరికే కూర్చున్నాను. దీన్ని పన్నెండేళ్ల పిల్లకి ఇవ్వాలా, పద్నాలుగు దాకా ఆగాలా అన్నది ఒక్కో ఇంట్లో ఒక్కోలా తేలుతుంది. కానీ ఈ పుస్తకం పిల్లల్ని చెడగొడుతుందన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. ఇలాంటివి మన ఇళ్లలో జరగవన్నట్టు నటిస్తే జరగకుండా ఆగవు, జరిగిన పిల్ల మెలిండాలాగే నోరు మూసుకుంటుంది, అంతే తేడా.

ఈ భయం కొత్తదీ కాదు. 1954లో ఫ్రెడ్రిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు కామిక్స్ పిల్లల్ని నేరస్తుల్ని చేస్తున్నాయని పుస్తకం రాశాడు, అమెరికా సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది, ప్రచురణకర్తలు భయపడి కామిక్స్‌లో ఏవి ఉండకూడదో చెప్పే కామిక్స్ కోడ్‌ను తమకు తామే పెట్టుకున్నారు. ఆయన కాగితాలు తర్వాత పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాక కరోల్ టిల్లీ అనే పరిశోధకురాలు వాటిని పుస్తకంతో పోల్చి చూసి, పిల్లల మాటల్ని ఆయన మార్చాడని, తనకు అడ్డొచ్చే వివరాలు వదిలేశాడని 2012లో బయటపెట్టింది. 2022 జనవరిలో టెనసీలోని మెక్‌మిన్ కౌంటీ స్కూలు బోర్డు 'మౌస్'ను ఎనిమిదో తరగతి పాఠాల్లోంచి తీసేసింది, బోర్డులో ఒక్కరూ వ్యతిరేకించలేదు. కొన్ని తిట్టు మాటలు, ఒక నగ్న చిత్రం అభ్యంతరమన్నారు. ఆ చిత్రం స్పీగెల్‌మన్ తల్లిది, ఆత్మహత్య చేసుకుని స్నానాల తొట్టిలో పడి ఉన్న తల్లిది. చిన్న గడిలో ఉంటుంది. ఆ పేజీ చదివినవాళ్లకెవరికీ అది బూతుగా కనిపిస్తుందని నేను అనుకోను.

చివరిది, రివ్యూలు రాసేవాళ్లు సిగ్గుపడాలన్నది. "అమెరికా పత్రికలే అన్నాయి" అంటే, అది 2014 జూన్‌లో స్లేట్ పత్రికలో రూత్ గ్రాహమ్ రాసిన వ్యాసం. ఆ వ్యాసం నేను చదివాను. పిల్లలు ఈ పుస్తకాలు చదవకూడదని ఆమె ఎక్కడా అనలేదు. పిల్లల కోసం రాసిన పుస్తకాలు పెద్దవాళ్లు తమ కోసం చదువుకోవడం గురించి ఆమె మాట్లాడింది, వాటి ముగింపులు మరీ తృప్తిగా, తేలిగ్గా ఉంటాయన్నది ఆమె వాదన. పిల్లల్ని ఆపమని చెప్పడానికి ఆ వ్యాసాన్ని వాడుకోవడం ఆమె మాటల్ని వక్రీకరించడమే.

ఆ ముగింపుల వాదనతో కూడా నాకు పేచీ ఉంది. వాల్టర్ డీన్ మైయర్స్ 'మాన్‌స్టర్' ప్రింట్జ్ అవార్డు మొట్టమొదట, 2000లో, అందుకున్న నవల. పదహారేళ్ల స్టీవ్ హత్య కేసులో బోనులో ఉంటాడు, తన కథని తనే సినిమా స్క్రిప్టులా రాసుకుంటాడు. చివరికి నిర్దోషి అని తీర్పొస్తుంది. సంతోషంతో తన లాయరును కౌగిలించుకోబోతాడు, ఆమె పక్కకు తిరిగిపోతుంది. ఆమెకు తనలో ఏం కనిపించిందో తెలియక ఆ పిల్లవాడు కెమెరాతో తనని తానే చిత్రీకరించుకుంటూ వెతుక్కుంటాడు, పుస్తకం అక్కడ ఆగిపోతుంది. ఇందులో తేలికైన తృప్తి ఎక్కడుందో నాకు కనిపించలేదు.

రివ్యూలు ఎందుకంటే, ఎనిమిదో తరగతి పిల్ల ఏ పుస్తకం తెచ్చిందో వాళ్లమ్మకి తెలియాలి గనక. ఆ అమ్మకి రెండు వందల పేజీలు చదివే తీరిక ఉండదు, ఏ వయసుకి తగింది, ఏ పేజీల్లో ఏముంది, ఎక్కడ పక్కన కూర్చోవాలి అని ఎవరో ఒకరు చదివి నిజాయితీగా చెప్పాలి. మేం రాసేవాళ్లం చేసే తప్పూ ఒకటుంది. కథంతా రాసి చివర "బొమ్మలు బాగున్నాయి" అని ఒక్క ముక్క పెట్టి ముగించేస్తాం, గీసిన మనిషి పేరు కూడా రాయం. నా 'మౌస్' రివ్యూలో ఆ నాలుగు దారుల సంగతి లేదు. పోయిన వారమే దాన్ని మళ్లీ రాశాను, ఈసారి ఆ బొమ్మతోనే మొదలుపెట్టి, అది చూసింది ఎవరో కూడా రాశాను. మెసేజ్ వచ్చిన మూడు చోట్లకూ అదే పంపాను. మా వదిన తన కొడుక్కి ఏ సంపుటం ముందు కొనాలని అడిగింది. మొదటిదే, కానీ నువ్వు చదివాక ఇవ్వు వదినా అని చెప్పాను.