స్లీట్ ఏ పార్టీ?

ప్రపంచానికున్న సమస్యలన్నీ ఒక ఎత్తు, స్లీట్ అంటే ఏమిటన్నది మరో ఎత్తు. యుద్ధాలకు సంధి ఉంది, అప్పులకు వాయిదా ఉంది. ఇంగ్లీషు మాట్లాడే దేశాలకు మాత్రం ఈ ఒక్క మాట మీద ఇప్పటికీ ఒప్పందం కుదరలేదు.

బ్రిటన్‌లో స్లీట్ అంటే వానా మంచూ కలగలిసి పడటం. కోటు మీద తెల్లగా ఓ క్షణం నిలబడి, వెంటనే నీరై జారిపోతుంది. అమెరికాలో అదే మాటకు అర్థం చిన్న చిన్న మంచుపలుకులు. కారు అద్దం మీద టపటపా రాలి, ఎగిరి పక్కకు పడతాయి. ఒకటి తడుపుతుంది, ఒకటి గుచ్చుతుంది. లండన్‌లో ఒకరు, న్యూయార్క్‌లో ఒకరు ఫోన్‌లో "మాకూ స్లీటే" అని వాపోయి, ఎదుటివారి కష్టం అర్థమైందనుకునే పెట్టేస్తారు. కాపురాల్లోనూ జరిగేది ఇదే గనుక దీనికి మరీ కంగారుపడనక్కర్లేదు.

మనకు ఈ పేచీ లేదు. పొద్దున్నే గడ్డి మీద మెరిసేది మంచే, ఎదుటి బండిని కనపడనివ్వనిది మంచే, హిమాలయాల మీద పేరుకున్నదీ మంచే. ఉన్నది ఒక్కటే మాటైనప్పుడు ఇక తగువెక్కడ?

అమెరికా స్లీట్ జీవితచరిత్ర మాత్రం రాజకీయ పరిశీలకులు చదవదగ్గది. పైన మేఘంలో మంచురేకుగా పుడుతుంది. దిగుతూ దిగుతూ మధ్యలో వెచ్చటి గాలిపొర తగలగానే కరిగి నీటి పక్షంలో చేరిపోతుంది. నేల దగ్గరపడేసరికి మళ్లీ చలిపొర. ఎన్నికల ముందు నాయకుడిలా సొంతగూటికి వచ్చేస్తుంది గానీ పాత హోదా దక్కదు. రేకుగా వెళ్లినది పలుకుగా తిరిగొస్తుంది. ఆ కింది చలిపొర పలచగా ఉందా, గడ్డకట్టే వ్యవధి కూడా చిక్కదు. సున్నా డిగ్రీల కిందకు చల్లబడినా నీటిబొట్టుగానే దిగి, తగిలిన కొమ్మనూ తీగనూ రోడ్డునూ పట్టుకుని అక్కడే బిగుసుకుపోతుంది. అది ఫ్రీజింగ్ రెయిన్. చెట్లు విరిచి, కరెంటు తీగలు తెంపే ఘనత దానిది.

అమెరికా స్లీట్‌ను వడగళ్లలో కలిపేద్దామనుకునేవారికి ఒక హెచ్చరిక. వడగళ్లది ఉరుముల మేఘాల వంశం. గాలి పైకెగరేస్తుంటే పొరమీద పొర పేరుకుని పెరుగుతాయి, 5 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ పేరే ఇవ్వరు.

విమానాశ్రయాల వాతావరణ నివేదికలు తెలివిగా అసలు మాటనే వెలివేశాయి. మంచుపలుకులైతే 'పీఎల్', వానా మంచూ కలిస్తే 'ఆర్ఏఎస్ఎన్'. స్లీట్‌కు అందులో చోటే లేదు. ప్రాణాలతో పని గనుక భాషను నమ్ముకోలేదన్నమాట.

న్యూయార్క్‌లోని పాత ప్రధాన తపాలా భవనం నెత్తిన ఓ వాక్యం చెక్కి ఉంది. మంచుగానీ వానగానీ ఎండగానీ రాత్రి చీకటిగానీ ఈ వార్తాహరులను ఆపలేవని దాని సారాంశం. పర్షియా వార్తాహరుల గురించి ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ అన్న మాటలవి. జనం చెప్పుకునేటప్పుడు ఆ వరసలో స్లీట్‌నూ దూరుస్తుంటారు గానీ, రాతి మీద అది లేదు. కనుక స్లీట్ పడిన రోజు సెలవు అడిగే హక్కు పోస్ట్‌మన్‌కు ఉందని నా దృఢాభిప్రాయం. ఏ స్లీట్ అని పోస్ట్‌మాస్టర్ నిలదీస్తే మాత్రం, వానా మంచూ కలిసిందని నోరు జారకూడదు. ఆ రెండూ రాతి మీద ఉన్నాయి.