మహారాజశ్రీ తుప్పు బోల్టు గారికి

ఉభయకుశలోపరి. మీ కుశలం నిన్న సాయంత్రం కళ్లారా చూశాను. నా సంగతంటారా, మోకాళ్లు వంగట్లేదు.

మా సెల్ టవర్‌కి సముద్రం వైపు సెక్టార్‌లో, అంటే ఆ దిక్కు ఫోన్లని చూసుకునే భాగంలో, వారం నుంచీ ఒకటే రేడియో రొద. టవర్ మాట ఫోన్లకు వినిపిస్తోంది, ఫోన్ల మాట టవర్‌కు చేరట్లేదు. అర్ధరాత్రి ప్రశాంతం, జనం ఫోన్లు పట్టుకునే వేళకి మొదలు. నిన్న మధ్యాహ్నం ఎక్కాం. ఆంటెన్నాకి తగిలించే జంపర్ కేబుల్ మార్చాం, పోలేదు. కనెక్టర్లు విప్పి, తుడిచి, టార్క్ రెంచ్ 'టిక్' అనేదాకా బిగించాం, పోలేదు. చివరికి నిక్షేపంలాంటి ఆంటెన్నాని దించి కొత్తది ఎక్కించాం. దానికీ అదే రొద.

టెస్టర్‌తో 20 వాట్ల చొప్పున రెండు సిగ్నళ్లు పంపిస్తూ, స్క్రూడ్రైవర్ పిడితో ఒక్కొక్కదాన్నీ తడుతూ వచ్చాను. తమరి నెత్తిన తట్టగానే టెస్టర్‌లో రొద అంకె గంతేసింది! ఆంటెన్నాకి రెండు మూరల దూరంలో, ఎప్పుడో పీకేసిన లైటు తాలూకు బ్రాకెట్‌ని పట్టుకుని, తెల్లటి ఉప్పు పొర కప్పుకుని కూర్చున్నారు. వేలు పెడితే నారింజ రంగు పొడి రాలింది.

మీకు కేబుల్ లేదు, కరెంటు లేదు, చేసే పని అంతకన్నా లేదు. కానీ లెక్కల్లో దిట్ట. ఇనుముకీ ఇనుముకీ మధ్య తుప్పు చేరితే, కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ అయిపోతారట కదా! మేము 935, 960 మెగాహెర్ట్జ్‌లలో పంపిస్తుంటే, తమరు 935ని రెండింతలు చేసి, అందులోంచి 960 తీసేసి, 910 తయారుచేస్తారు. ఫోన్లు మాతో మాట్లాడేది 890 నుంచి 915 మధ్య. ఇంకెక్కడా చోటు దొరకలేదా? దూరపు ఫోన్ నుంచి మాకు చేరేది వాట్‌లో లక్ష కోట్లవ వంతు కూడా ఉండదు. దాని మీదా నీ ప్రతాపం?

అవును, నువ్వే. ఇక మీరూ గారూ నావల్ల కాదు. తడిస్తే ఒకలా, ఎండితే ఇంకోలా నటిస్తావు. గాలి ఊపితే మరో వేషం. నీ చోట స్టెయిన్‌లెస్ బోల్టు పెట్టమని డ్రాయింగులో రాసుంది. చవకగా దొరికావని నిన్ను తెచ్చిన మహానుభావుడు ఏసీ గదిలో ఉన్నాడు. నీళ్లు దిగకుండా కనెక్టర్లకి చుట్టాల్సిన టేపు రెండే చుట్లు చుట్టి దిగిపోయినవాడి గురించి ఇంకోసారి రాస్తాను. బ్రాకెట్ వదిలేసి లైటొక్కటే పట్టుకెళ్లినవాడికో దండం.

స్పానర్ వేస్తే నీ తల అరిగింది కానీ నువ్వు కదల్లేదు. సెక్టార్ ఆపించి, హాక్సాతో కోసేసరికి పొద్దు గూకింది. మళ్లీ ఆన్ చేస్తే రొద లేదు. మార్చిన ఆంటెన్నా సంగతి ఆఫీసులో ఎలా చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నాను.

ఇప్పుడు నువ్వు నా టూల్‌బ్యాగ్ అడుగున ప్లాస్టిక్ కవర్లో ఉన్నావు. దిగేటప్పుడు పక్క సెక్టార్‌లో నీ తమ్ముడు కనిపించాడు, అచ్చం నీ పోలికే. రేపు పొద్దున్నే వస్తున్నానని కబురు పెట్టు.

చిత్తగించవలెను.

ఇట్లు,
హాక్సా బ్లేడు మార్చుకుంటున్న నీ టెక్నీషియన్