అక్రిలిక్ అచ్చులకు అంత్యక్రియలు

బొంత ముక్కలను ఒకే కొలతకు కోయడానికి గుడ్డ మీద పెట్టుకునే ప్లాస్టిక్ పలకలకు, అంటే అక్రిలిక్ అచ్చులకు, కాలం చెల్లిందని నల్లగొండలో ఇటీవల సభాముఖంగా ప్రకటించారు. ప్రకటించినవారు బొంతలు కుట్టేవారు కారు, పల్లెల్లోని ఆడవాళ్ల చేత ముక్కల బొంతలు కుట్టించి నగరానికి పంపే ఒక శిక్షణ కేంద్రం పెద్దలు. మూడు మిల్లీమీటర్ల మందమున్న పలకను గుడ్డ మీద ఆనించి, దాని అంచు వెంట చక్రపు కత్తిని నడపడం అనాగరికమని, ఉక్కు బ్లేడ్లు పొదిగిన అచ్చు మీద ఆరు పొరల గుడ్డ పరిచి రోలర్ల మధ్య నుంచి పంపడమే నాగరికత అని వారు సెలవిచ్చారు. పాపం, ఆ పలకకు ముసలితనమైనా రాలేదు. దాని అంచు వెంట దొర్లే చక్రపు కత్తిని ఓల్ఫా అనే జపాన్ కంపెనీ బయటికి తెచ్చింది 1979లో. అంతకుముందు అట్టముక్క చుట్టూ పెన్సిలుతో గీసి కత్తెరతో కోసేవారు. గీసిన కొద్దీ అట్ట అంచు అరిగి, చివరి ముక్క మొదటి ముక్కతో సరిపోయేది కాదు. అరగని పలక కావలసివచ్చింది అందుకే.

ఆ రోలర్ల యంత్రానికి ప్రారంభోత్సవం జరిగింది. పసుపు రాశారు, బొట్లు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. కత్తెరల యుగానికి ముగింపు పలుకుతున్నామని మైకులో చెప్పిన ముఖ్య అతిథి, ఆ వెంటనే కత్తెర అందుకొని రిబ్బను కోశారు. దాన్ని ఎవరూ గమనించలేదు, గమనించిన నాబోటివాళ్లకు మైకు ఇవ్వలేదు. ఆ తరువాత వారు చెరుకురసం బండివాడిలా రెండు చేతులా పిడి తిప్పుతుంటే ఫొటోలు తీశారు, ఫొటో సరిగా రాలేదంటే మళ్లీ తిప్పారు. అవతలి వైపు నుంచి చదరాలు వచ్చాయి, చప్పట్లు కూడా వచ్చాయి. ముందు వరుసలో కూర్చోబెట్టిన ఒక పెద్దావిడ మాత్రం ఒక ముక్కను తీసుకొని అటూ ఇటూ మడిచి, "సారూ, గిది ఒక దిక్కు పొట్టిగున్నది" అన్నది. "యంత్రం తప్పు చెయ్యదమ్మా, నువ్వు కూర్చో" అన్నారు. పేక దిక్కున, అంటే అడ్డపోగుల వైపు, గుడ్డ ఎక్కువ సాగుతుంది, పడుగు దిక్కున, అంటే నిలువుపోగుల వైపు, అంతగా సాగదు. రోలర్లు లాగే దిశలో పడుగు ఉండేలా పరచకపోతే, సాగి తెగిన గుడ్డ బయటికి వచ్చాక ముడుచుకుంటుంది. ఈ సంగతి ఆ పెద్దావిడ వేళ్లకు తెలుసు. వేదిక మీద ఉన్న డిగ్రీ పట్టాలకు తెలియదు.

రెండు ముక్కలను కలిపే ఒక్కో కుట్టు దగ్గర అంగుళంలో పదహారో వంతు తేడా వస్తే పదహారు కుట్లకు ఒక అంగుళం పోతుంది. యంత్రం సరిగా వాడితే ఆ తేడా రాదన్నది నిజమే, కొత్త గుడ్డ తాను నుంచి ఒకే కొలత ముక్కలు వందలకొద్దీ కావాలంటే దానంత వేగం చేతికి రాదన్నదీ నిజమే. కానీ మన బొంతకు కొత్త తానులెక్కడివి? బొంత పుట్టిందే పాత చీరల నుంచి. నారాయణపేట చీర ఒక చోట పలచబడి ఉంటుంది, మరో చోట చిరుగు ఉంటుంది. పారదర్శకమైన పలక కింద ఆ చిరుగు కనిపిస్తుంది, పలకను రెండు అంగుళాలు పక్కకు జరుపుతాం. పోచంపల్లి గుడ్డలో పువ్వు అద్దకంతో వచ్చింది కాదు, నూలుకు ముడులు కట్టి రంగుల్లో ముంచి నేసినది, కనుక ఒక పువ్వుకూ మరో పువ్వుకూ మధ్య దూరంలో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. పలకను పువ్వు నడిమధ్యకు చూసి పెట్టుకోవచ్చు. ఆరు పొరల కింద దాగిన అచ్చుకు పువ్వూ తెలియదు, చిరుగూ తెలియదు. పైగా ఆకారం మారితే మరో అచ్చు కొనాలి. ఆ అచ్చులమ్మేవారు కూడా సభకు వచ్చి ముందు వరుసలోనే కూర్చున్నారు.

ఇంతవరకైతే నవ్వుకొని ఊరుకోవచ్చు. యంత్రం వచ్చాక బొంతకిచ్చే కూలి తగ్గించారు. "కోసే పని మీకు తప్పింది కదా" అన్నారట. కోసే పని ఎంతసేపని? పొరలు పరిచి, పెద్ద సూదితో వరుస వెంట వరుస కుట్టి నడుము విరిగేది ఎవరికి? కోతలో మిగిలిన కాలం కేంద్రానికి లాభమైతే, యంత్రం ఖరీదు ఈ ఆడవాళ్ల కూలిలోంచి ఎందుకు పోవాలి? అక్రిలిక్ పలక ఏనాడూ ఎవరి కూలీ కోయలేదు. ఈ యంత్రం వచ్చీ రాగానే కోసిన మొదటి ముక్క అదే. సిగ్గు లేకపోతే సరి, లెక్క అయినా ఉండాలి కదా!

ఇప్పుడు ఆరు మూలల ముక్కలు వస్తున్నాయి. వాటిని కోయడం యంత్రానికి క్షణం పని. కుట్టడం అలా కాదు. చదరాలనైతే వరుసగా తిన్నగా కుట్టుకుపోవచ్చు, ఆరు మూలల ముక్కను మిషన్ మీద కుట్టేటప్పుడు ప్రతి మూలకూ పావు అంగుళం ముందే కుట్టు ఆపి, గుడ్డ తిప్పి, పక్క ముక్క అంచు కలుపుకొని మళ్లీ మొదలుపెట్టాలి. బొంతకు కూలి మాత్రం ఆ తగ్గించిన కూలే.