పసుపు బస్సు పొగలో పులిహోర

మొన్న ఇక్కడ టెక్సస్‌లో మన తెలుగువాళ్ళ ఉగాది సంబరాలకి వచ్చినవాళ్ళకి ఆ బస్సులు గుర్తుండే ఉంటాయి. పార్కింగ్ చాలక కార్లన్నీ పక్కనున్న చర్చి స్థలంలో పెట్టించి, అక్కణ్ణుంచి జనాన్ని తేవడానికి కమిటీ మూడు స్కూల్ బస్సులు మాట్లాడింది. మంచి ఆలోచనే. అయితే వాటిలో ఒక పాత డీజిల్ బస్సు, ఏసీ కోసం ఇంజిన్ ఆపకుండా, మూడు గంటలు భోజనాల టెంటు పక్కనే ఉంది. కూచిపూడి వేషాలు కట్టుకున్న పిల్లలు తమ ఐటమ్ కోసం ఆ పొగలోనే నిలబడ్డారు. మా పాపకి రెండుసార్లు ఇన్‌హేలర్ ఇవ్వాల్సొచ్చింది.

తర్వాత జనరల్ బాడీ మీటింగ్‌లో లేచి, "డీజిల్ కార్ల పొగ మోసం కేసులో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ కట్టిన సెటిల్‌మెంట్ డబ్బుతో ఇలాంటి బస్సులు ఎన్ని మార్చారో మన స్కూల్ డిస్ట్రిక్ట్‌ని అడుగుదామండీ" అన్నాను. "మనకెందుకండీ, ఆ కార్లు కొన్నవాళ్ళు చూసుకుంటారు" అన్నారొక పెద్దాయన. హాలంతా నవ్వింది. ఆ తర్వాత బైలాస్ (సంఘం నిబంధనలు) సవరణ మీద గంటన్నర కొట్టుకున్నాం.

ఆ కారు కొన్నవాణ్ణి నేనే. 2012 ఫోక్స్‌వ్యాగన్ జెట్టా, డీజిల్. మనవాళ్ళకి మైలేజీ పిచ్చి సంగతి తెలిసిందే కదా. హైవే మీద గాలన్‌కి 42 మైళ్ళు వస్తోందని ప్రతి పాట్‌లక్‌లోనూ అందరి ప్రాణం తీశాను. 2015 సెప్టెంబరులో బండారం బయటపడింది. పొగ టెస్టులో కారు బుద్ధిగా ఉండి, రోడ్డెక్కగానే పరిమితికి 40 రెట్ల దాకా నైట్రోజన్ ఆక్సైడ్లనే చెడ్డ వాయువులు వదిలేలా సాఫ్ట్‌వేర్ రాశారు. ఆ 'ఇఫ్-ఎల్స్' (టెస్టయితే ఇలా, రోడ్డయితే అలా అనే కోడ్) రాసిన మహానుభావుడెవరా అని మా టీమ్‌లో జోకులేసుకున్నాం. కంపెనీ కారు వెనక్కి తీసుకుని, పైన 5,100 డాలర్లకి తగ్గకుండా పరిహారమిచ్చింది. మేం ఆ డబ్బుతో ఇండియా వెళ్ళొచ్చాం. మా ఆవిడకి గాజులు కూడా వచ్చాయి.

నా కారు పొగ పీల్చినవాళ్ళకి మాత్రం ఏ చెక్కూ రాలేదు. వాళ్ళ తరఫున కంపెనీ ఒక ట్రస్టులో కట్టగా, రాష్ట్రాలకి పంచినదే ఆ సెటిల్‌మెంట్ డబ్బు. మొత్తం దాదాపు 290 కోట్ల డాలర్లు, అందులో మన టెక్సస్‌కి 20.9 కోట్లు. 2018 నవంబరులో రాష్ట్ర పర్యావరణ కమిషన్ ఖర్చు ప్లాన్ ప్రకటించింది. పెద్ద వాటా శాన్ ఆంటోనియోకి పోయింది. గ్రాంట్లు ముందొచ్చినవాళ్ళకి ముందు ఇచ్చారు. అంటే అడగని డిస్ట్రిక్ట్‌కి సున్నా.

ఆ డబ్బుతో కొత్త బస్సు కొంటే పాతదాన్ని అమ్ముకోవడానికి వీల్లేదు. ఇంజిన్ బ్లాక్‌కి మూడంగుళాల కన్నం పెట్టి, ఛాసీని (అడుగు చట్రాన్ని) కోసేయాలి. చదివినప్పుడు నాకు మనసొప్పలేదు. మన ఊళ్ళో అయితే రంగేసి ఇంకో పదేళ్ళు తిప్పేవాళ్ళు. చిన్నప్పుడు గుంటూరు బస్టాండులో పల్లెవెలుగు బస్సు గడగడలాడుతూ నిలబడి ఉండేది, ఆపితే మళ్ళీ స్టార్ట్ అవుతుందో లేదోనని. ఆ డీజిల్ వాసన తగిలితే నాకిప్పటికీ అమ్మమ్మ ఇల్లే గుర్తొస్తుంది. మా పాపకి మాత్రం అది ఆయాసం.

అందరూ ఎలక్ట్రిక్ బస్సులే కొనాలని నేననను. ఒక ఎలక్ట్రిక్ బస్సు ధరకి రెండు మూడు కొత్త డీజిల్ బస్సులొస్తాయి. అందుకే రాష్ట్రం కొత్త డీజిల్‌కీ ఒప్పుకుంది. పాత ఇంజిన్ పోతే చాలు, అది సబబే. కార్ల చార్జర్లకి 15 శాతం మించకూడదని ట్రస్టు రూలు. టెక్సస్ ఆ 15 శాతాన్నీ పూర్తిగా చార్జర్లకే కేటాయించింది. ఎలక్ట్రిక్ కార్లున్న మనబోటివాళ్ళకి అది పండగే. మరి రోజూ గంటసేపు బస్సులో కూర్చునే పిల్లల మాటేమిటి? గాలి బాగోలేదని వేసవిలో మన ఫోన్లకొచ్చే ఓజోన్ అలర్టులకి ఈ నైట్రోజన్ ఆక్సైడ్లూ ఒక కారణం. సెటిల్‌మెంట్ డబ్బొక్కటే కాదు, స్కూల్ బస్సులు మార్చడానికి రాష్ట్రానికి వేరే గ్రాంటు కూడా ఉంది.

లెటర్ రాసి పెట్టాను, ఒక్క పేజీ. పాత డీజిల్ బస్సులు ఎన్నున్నాయి, ఏ సంవత్సరం నాటివి, ఏ గ్రాంటుకి అప్లై చేశారు అన్న మూడు ప్రశ్నలే. బతుకమ్మ రోజు భోజనాల క్యూ మొదట్లో నిలబడి ఉంటాను. దయచేసి సంతకం పెట్టి ప్లేటు తీసుకోండి. కమిటీవారూ, ఈసారి బస్సులు మాట్లాడేటప్పుడు, ఆగి ఉన్నంతసేపూ ఇంజిన్ ఆపాలని కాంట్రాక్టులో ఒక లైను రాయించండి.