వారిసెల్లా జోస్టర్ గారికి, మీ నోటరీ కాగితాల విషయమై

శ్రీయుత వారిసెల్లా జోస్టర్ వైరస్ గారికి,
ఐదో పక్కటెముక లైను, ఎడమ వైపు నాడీముడి, వెన్నుపాము పక్క సందు.

అయ్యా,

హైదరాబాద్ వాళ్లకి కబ్జా కొత్త కాదు. చెరువు శిఖంలో అపార్ట్‌మెంట్లు చూశాం, నాలా మీద షట్టర్లు చూశాం. కానీ స్థలంలో దిగి నలభై యాభై ఏళ్లపాటు ఒక్క ఇటుక పేర్చకుండా, కరెంటు మీటరైనా పెట్టించుకోకుండా, ఓనరుకి అనుమానమే రానివ్వకుండా కూర్చున్నవాళ్లని మాత్రం మిమ్మల్నే చూశాం. చిన్నప్పుడు ఆటలమ్మగా వచ్చి, పెద్దయ్యాక సర్పిగా, అంటే అక్కిగా (షింగిల్స్) లేచేది మీరేగా.

మొదటిసారి వచ్చినప్పుడు ఎంత మర్యాద చేశామో గుర్తుందా? ఆటలమ్మ పోసిందన్నాం. గుమ్మానికి వేపమండ కట్టాం, ఘాటు తగలకూడదని తాలింపు మానేశాం, పిల్లాణ్ణి కసురుకోవడానికి కూడా జంకాం. మరీ భయమేస్తే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. పొక్కులు చెక్కు కట్టి రాలాక తలంటి, అమ్మవారు వెళ్లిపోయిందని చెప్పుకున్నాం.

మీరెక్కడికి వెళ్లారు! చర్మంలోని నాడి కొసలు పట్టుకుని వెనక్కి పాకుతూ కొందరు, రక్తంలో టీ కణాలనే కాపలా కణాలెక్కి కొందరు, వెన్నుపాము పక్కనున్న నాడీముడుల్లోకి చేరారు. స్థలం ఎంపికలో మీ తెలివిని ఒప్పుకోవాలి. చర్మంలో కణం రాలిపోతుంది, పేగు లోపలి పొర వారం తిరక్కుండా మారిపోతుంది. న్యూరాన్ అనే నాడీకణం అలా కాదు, మనిషి ఉన్నన్నాళ్లూ ఉంటుంది. అది విభజన చెందదు కాబట్టి దానితోపాటు మీరు నకళ్లు తీసుకోవాల్సిన శ్రమా లేదు.

ఇక కాగితాలు. హెచ్ఐవీ అయితే ఏకంగా మన క్రోమోజోమ్‌లో దూరి రిజిస్ట్రేషనే చేయించుకుంటుంది. మీది నోటరీ వ్యవహారం. దాదాపు 1,25,000 అక్షరాల డీఎన్‌ఏని రెండు కొసలూ కలిపి ఉంగరంలా చుట్టి, కేంద్రకంలో ఓ మూల పడేస్తారు. మన క్రోమోజోమ్ జోలికి రారు. రికార్డులో పేరుండదు, మనిషి మాత్రం లోపలే ఉంటాడు. తెలంగాణలో 58 జీవో కింద సర్కారు స్థలాల్లో ఉన్న పేదలకి 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధం చేశారు. మీదీ 125 వేలే. కాకతాళీయమనుకుంటాం లెండి.

ఆ ఉంగరం మన హిస్టోన్ ప్రోటీన్లకే చుట్టుకుని జన్యువులన్నిటికీ దాదాపు తాళం పడుతుంది. వినబడేది ఒకటి రెండు గొణుగుళ్లు. అందులో ముఖ్యమైన వీఎల్‌టీ అనే ఆర్ఎన్ఏ కూడా 2018 దాకా ఎవరి చెవినా పడలేదు. మీ ప్రోటీన్ బయట కనబడకపోతే టీ కణమైనా ఏం చూసి పట్టుకుంటుంది? మందుదీ అదే అవస్థ. అసైక్లోవిర్‌కి మొదటి ఫాస్ఫేట్ తగిలించి పనిలోకి దింపేది మీ సొంత ఎంజైమే, థైమిడిన్ కైనేజ్. ఆ తర్వాత అది మీ కొత్త డీఎన్‌ఏ గొలుసులో దూరి, పక్కన ఇంకో అక్షరం అతక్కుండా చేస్తుంది. మీరు పడుకుని ఉంటే ఎంజైమూ లేదు, గొలుసూ లేదు. మాత్ర మూత్రంలో పోతుంది. కబ్జాలు కూల్చే హైడ్రా బుల్డోజర్ ఆ సందులోకి పట్టదు.

మీ గుట్టు రట్టు చేసింది పెద్ద ప్రయోగశాల కూడా కాదు. ఇంగ్లండ్‌లో సైరెన్‌సెస్టర్ అనే చిన్న ఊళ్లో ప్రాక్టీసు చేసుకునే ఎడ్గర్ హోప్-సింప్సన్ అనే డాక్టరు, 1965లో. ఆటలమ్మా మీరే, సర్పీ మీరే, నడుమ నాడుల్లో నక్కిందీ మీరే, ఒంట్లో కాపలా సడలినప్పుడు లేస్తారు అని తేల్చాడు. ఆ కాపలా టీ కణాలది. యాభై దాటాక కునుకు పడుతుంది. స్టీరాయిడ్లు, కీమో, కిడ్నీ మార్పిడి మందులు, కీళ్లవాతానికి వాడే టోఫాసిటినిబ్, ఇవన్నీ కాపలాదారుకి జోలపాటలే. అమెరికా లెక్కల్లో జీవితకాలంలో దాదాపు ముగ్గురిలో ఒకరికి మీ దర్శనం అవుతుంది.

లేచాక మాత్రం మీకు హద్దులు బాగా తెలుసు. లేచేది సాధారణంగా ఒక్క నాడీముడే కాబట్టి, వెన్ను మధ్యగీత నుంచి రొమ్ము మధ్యగీత దాకా ఒక పక్కే పట్టీ. ఈ ఊళ్లో ఏ సర్వేయరూ అంత నిక్కచ్చిగా గీత గీయలేదు. సర్పి తలా తోకా కలిస్తే మనిషి దక్కడని పెద్దలు భయపెడతారు గానీ, మీకు అటు పక్క పనే లేదు.

మా దౌర్భాగ్యం ఏమిటంటే, పొక్కులకంటే ముందు ఒకటి నుంచి ఐదు రోజులు ఒట్టి నొప్పే పంపుతారు. ఛాతీ ఎడమ పక్క మంట. ఈసీజీ తీస్తారు, నార్మల్. గ్యాస్ మాత్ర రాస్తారు. నడుము పక్కనైతే రాయేమోనని స్కానింగ్. చొక్కా తగిలితే చురుక్కుమంటోందని మొత్తుకుంటున్నా ఆ చొక్కా విప్పి చూసేవాళ్లుండరు. తీరా ఎర్రటి మచ్చ మీద నీటి పొక్కులు గుత్తిగా లేచాక, వేడి చేసిందని మజ్జిగ. మర్నాడు అక్కి అని జేగురుతో సింహం బొమ్మ. సింహంతో మాకు పేచీ లేదు, పేచీ గడియారంతోనే. పొక్కు కనబడ్డ 72 గంటల్లోపు మాత్ర మొదలవ్వాలి: వాలసైక్లోవిర్ 1 గ్రాము రోజుకి మూడుసార్లు, ఏడు రోజులు, అంటే 21 మాత్రలు. అసైక్లోవిర్ అయితే 800 మిల్లీగ్రాములు రోజుకి ఐదుసార్లు, 35 మాత్రలు. కిడ్నీ బాగోలేకపోతే డాక్టరు మోతాదు తగ్గిస్తారు. మెడికల్ షాపువాడు 400వి ఓ రెండు రోజులకి చింపిచ్చి, పైన ట్యూబు చేతిలో పెడితే ఆ సంబరం మీదే. పూత చర్మం మీద, మీరు నాడిలో.

ముక్కు కొస మీద పొక్కు లేస్తే అదే రోజు కంటి డాక్టరు చూడాలి, ఎందుకంటే ఆ కొసకీ కంటికీ ఒకే నాడి. చెవిలో పొక్కులతో మూతి వంకరైనా ఆగకూడదు. పొక్కులో నీరు తగిలి, ఆటలమ్మ రాని గర్భిణికి ఆటలమ్మ అంటుకోవచ్చు. చెక్కులు కట్టేదాకా ఎడంగా ఉండాలి.

పొక్కులు మానినా మీ బాకీ మిగులుతుంది. మూడు నెలలు దాటినా కొందరికి ఫ్యాన్ గాలి తగిలితే నిప్పు పెట్టినట్టే. అప్పుడు గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి నాడి నొప్పి మందుల వంతు. మామూలు నొప్పి మాత్ర అక్కడికి అందదు.

2023లో షింగ్రిక్స్ టీకా ఇక్కడా వచ్చింది. మీ పైతొడుగులోని ‘గ్లైకోప్రోటీన్-ఇ’ (E) అనే ముక్కని చూపించి టీ కణాల్ని లేపుతుంది. యాభై దాటినవాళ్లకి రెండు డోసులు, మధ్యలో రెండు నుంచి ఆరు నెలలు. ఒకటి రెండు రోజులు చెయ్యి సలుపు, ఒళ్లు నొప్పులు. పరీక్షల్లో మీ రాకని తొంభై శాతం పైగా ఆపింది. ధర చూసి చాలామంది రెండో డోసుకి మొహం చాటేస్తారు, అది మీకు కలిసొచ్చే సంగతి. అయినా అది వాచ్‌మన్‌ని పెట్టడమే, మిమ్మల్ని ఖాళీ చేయించడం కాదు.

ఒక్క మనవి. లేవక తప్పదనుకుంటే శనివారం సాయంత్రం మాత్రం లేవకండి. ఆదివారం క్లినిక్ మూత, సోమవారం టోకెన్ దొరకదు, మంగళవారం సాయంత్రానికి మా 72 గంటలూ అయిపోతాయి.

ఇట్లు,
మీరున్న స్థలం ఓనర్లు