మహారాజశ్రీ స్మార్ట్ చొక్కా గారికి

అయ్యా,

గుండె కొట్టుకోవడాన్ని లెక్కగట్టి ఫోన్‌కి చెప్పే తమరిని తొడుక్కునే భాగ్యం కలిగిన ఒక మామూలు ఒళ్లు చేసుకుంటున్న విన్నపం.

పుట్టి బుద్ధెరిగాక బట్టలు ఆరాక తొడుక్కోవడమే నాకు తెలుసు. తమరితో వచ్చిన కాగితం చదివాక తెలిసింది, ఛాతీ దగ్గరున్న వెండిపోగుల పట్టీలను తడిపి మరీ తొడుక్కోవాలట. పొడి చర్మం మీద గుండె సంకేతం సరిగా అందదు, తడో చెమటో తగలాలి. సరే, తడిపాను. ఒళ్లు జలదరించింది. జలదరింపుకి పట్టీ జరిగింది. ఫోన్‌లో నా గుండె గీత కాస్తా పిచ్చిగీత అయింది. ఆగింది గుండో, జారింది పట్టీయో తేల్చుకోలేక నిజంగానే దడ పట్టుకుంది. ఆ దడని మాత్రం తమరు చక్కగా లెక్కరాశారు.

ఇక ఉతుకుడు. కాలరు వెనక చీటీ ఉంది కదా: వేడినీళ్లు వద్దు, బ్లీచ్ వద్దు, పిండొద్దు, ఇస్త్రీ వద్దు. ఆపరేషన్ అయినవాడికి కూడా ఇంత పథ్యం ఉండదు. తమరి పోగు నైలాను, దాని మీద వెండి పూత. రాపిడికి పూత పగులుతుంది, పగిలేకొద్దీ కరెంటు నడక కష్టమవుతుంది. ఉతికేముందు బ్యాటరీ బిళ్లని విప్పి పక్కన పెట్టే పని సరేసరి. అన్నిటికన్నా ముందు పోయేది ఆ బిళ్ల తగిలించే గుండీ దగ్గరే. మెత్తటి గుడ్డకీ గట్టి లోహానికీ ఎప్పుడూ పడదు. నా దగ్గర అక్కడే, వెంట్రుకంత పోగొకటి తెగింది. పైకి ఏమీ కనిపించదు. రఫూ చేసే ఆయన భూతద్దం పెట్టి చూసి, పోగు కలపగలను గానీ కరెంటు కలపలేనన్నాడు. మామూలు చొక్కాకి ఒక మోచెయ్యి చిరిగితే రెండో మోచెయ్యి పనిచేయడం మానేయదండీ.

తమరి వంశం గొప్పదే, కాదనను. 1804లో జకార్డ్ అనే ఫ్రెంచి ఆయన చిల్లుల అట్టలతో మగ్గానికి పువ్వులు నేయడం నేర్పాడు. ఆ అట్టల ఆలోచనే తర్వాత కంప్యూటర్లకి అందొచ్చింది. 2015లో గూగుల్ ఆయన పేరే పెట్టుకుని బట్టకి తెలివి నేర్పే ఒక ప్రాజెక్టు ప్రకటించింది. 2017లో జీన్స్ కంపెనీ లీవైస్‌తో కలిసి డెనిమ్ జాకెట్ తెచ్చింది. ఎడమచేతి అంచు నిమిరితే ఫోన్‌లో పాట మారేది. జనం చొక్కాలు చించుకున్నారు. ఎన్ని ఉతుకులు ఆగుతుందయ్యా అంటే, ఓ పది. పది! ఉతికి ఆరేస్తాం అని బెదిరిస్తే దడుచుకునే బట్ట అదొక్కటే. 2023లో ఒక ప్రకటన చేసి దాని యాప్ మూసేశారు. గుడ్డ చిరగలేదు, రంగు వెలవలేదు, తెలివి మాత్రం పోయింది. బట్టకి చిమ్మట పట్టడం విన్నాం గానీ, ప్రకటన పట్టి పోవడం ఇదే వినడం.

అన్యాయంగా మాట్లాడను. సైనికుడి ఒంట్లో గుండు ఎక్కడ దిగిందో చెప్పే చొక్కా కోసం 1990లలోనే జార్జియా టెక్ అనే అమెరికా యూనివర్సిటీలో అక్కడి నౌకాదళం డబ్బుతో పరిశోధన జరిగింది. తమరుండాల్సిన ఒళ్లు అలాంటివి. అక్కడ ఒక్క పూట పనిచేసినా చాలు. మేడమెట్లెక్కితే ఆయాసం వస్తుందని నాకు చెప్పడానికి తమరంతటివారు దేనికి? మోకాళ్లు ఎప్పుడో చెప్పాయి.

పైగా ఒంటి గుట్టు దాస్తుందని కదా మనిషి బట్ట కట్టింది. తమరొచ్చాక నా నిద్ర, నా దడ, నా ఆయాసం ఎవరిదో సర్వర్ మీద ఆరేసి ఉన్నాయి. బట్టబయలు అంటే ఇదే కాబోలు.

నా పాత నూలు చొక్కా ముందు బయటికి, తర్వాత ఇంట్లోకి, ఆ తర్వాత నిద్రకి పనికొచ్చింది. చివరికి తుడుపుగుడ్డ అయింది. తమరికి ఆ యోగమూ లేదు. నైలాను నీళ్లు పీల్చదు. వెండినీ నైలానునీ సాగే పోగునీ విడదీయడం కష్టం కాబట్టి పాతబట్టల్లోనూ కలవరు, పాత ఫోన్లలోనూ కలవరు. అలమరలో పై అరలో ఉంచాను. తమరి ఛార్జరు మీద దుమ్ము పట్టింది, పాత చొక్కా చెయ్యి ముక్కతో తుడిచాను.

ఇట్లు,
తమరిని చల్లనీళ్లలో, పిండకుండా, భయభక్తులతో ఉతికిన
విధేయుడు